హాస్పిటల్ మీద థీసిస్ చేస్తున్నారా? డాక్టర్లు, ఎంబీఏ వాళ్ళు, ఎంటెక్ వాళ్ళు ముగ్గురికీ పనికొచ్చే పద్ధతి

ఎండీ, ఎంఎస్ చేసే పీజీలు, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎంబీఏ చేసేవాళ్ళు, బయోమెడికల్ లేదా డేటా సైన్స్‌లో ఎంటెక్ చేసేవాళ్ళు, ఈ ముగ్గురూ డేటా కోసం అదే హాస్పిటల్లో అదే కారిడార్లో తిరుగుతుంటారు, కానీ ఒకళ్ళ ఫీల్డ్‌లో వచ్చిన పేపర్ ఇంకొకళ్ళు తెరిచి కూడా చూడరు. పీజీ ఏమో మేనేజ్‌మెంట్ పేపర్లన్నీ సొల్లు అనుకుంటాడు, ఎంబీఏ అమ్మాయి ఏమో మెడికల్ జర్నల్ మనకి అర్థం కాదులే అని వదిలేస్తుంది, ఎంటెక్ అబ్బాయికి యాక్యురసీ 98 వచ్చిందా లేదా అన్నదొక్కటే. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే పేషెంట్‌కి మేలు జరిగే మంచి ప్రశ్నలన్నీ ఈ మూడూ కలిసే చోటే ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, సినాప్సిస్ (థీసిస్‌లో ఏం చేయబోతున్నామో ముందే రాసిచ్చే ప్లాన్) ఇవ్వకముందే చదవండి, ఇచ్చాక చదివితే సగం ఉపయోగమే.

ముందు టైటిల్ పెట్టుకుని తర్వాత ప్రశ్న వెతుక్కోవద్దు. మనవాళ్ళలో ఎక్కువమంది చేసేది అదే, సీనియర్ థీసిస్ తీసుకుని ఊరు పేరు మార్చి "ఎ స్టడీ ఆన్ ఫలానా ఇన్ ఎ టెర్షియరీ కేర్ హాస్పిటల్" అని పెట్టేస్తారు. దాని బదులు మీ హాస్పిటల్లో రోజూ కళ్ళముందు జరిగే ఒక పని తీసుకోండి. ఆపరేషన్‌కి ముందు యాంటీబయాటిక్ టైమ్‌కి పడుతుందా, ఓపీలో మనిషి ఎంతసేపు నిలబడుతున్నాడు, నైట్ డ్యూటీ నుంచి మార్నింగ్ డ్యూటీకి కేస్ అప్పజెప్పేటప్పుడు ఏం మిస్ అవుతోంది, ఇలాంటివి. తర్వాత ఆ పనిని "ఇది పనిచేస్తుందా" అని కాకుండా "ఎక్కడ, ఎవరు చేస్తే, దేంతో పోలిస్తే, ఏం కొలిస్తే పనిచేసింది" అని అడగండి. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి టేబుల్ ముందు అంటించుకోండి, ఏ పేపర్ చదివినా ఈ నాలుగింటికి జవాబు వెతకడమే మీ పని.

ఒక నిజమైన కథతో చెప్తే బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇది మూడు ఫీల్డుల్లోంచీ నడిచింది. 1935 అక్టోబర్ 30న అమెరికాలో ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే బాంబర్ విమానం టెస్ట్ ఫ్లైట్‌లో పైకి లేచి కూలిపోయింది. మెషీన్ పాడవలేదు, విమానం నేల మీద ఆగి ఉన్నప్పుడు గాలికి తోక భాగం కదలకుండా వేసే లాక్‌ని తీయడం మర్చిపోయారంతే. అంత కాంప్లికేటెడ్ విమానం ఒక మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడి నడవదు అని అర్థమై పైలట్లకి చెక్‌లిస్ట్ పెట్టారు, ఆ విమానమే తర్వాత బీ-17గా వేల సంఖ్యలో తయారైంది. ఆ ఐడియా దశాబ్దాల తర్వాత ఆపరేషన్ థియేటర్లోకి వచ్చింది, 2008లో వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ 19 పాయింట్లతో సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్ విడుదల చేసింది, మత్తు ఇచ్చేముందు కొన్ని, కోత పెట్టేముందు కొన్ని, పేషెంట్ థియేటర్ దాటేముందు కొన్ని. మన ఓటీల్లో గోడకి అంటించి ఉండేది ఇదే.

ఇప్పుడు పేపర్లు చూడండి. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఎనిమిది ఊళ్ళలోని ఎనిమిది హాస్పిటళ్ళ స్టడీ వచ్చింది, అందులో మన న్యూఢిల్లీ కూడా ఉంది. చెక్‌లిస్ట్ పెట్టకముందు 3733 మంది, పెట్టాక 3955 మంది, మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. ప్రపంచమంతా దీన్ని పట్టుకుంది. తర్వాత 2014లో అదే జర్నల్లో కెనడాలోని ఒంటారియో నుంచి 101 హాస్పిటళ్ళ స్టడీ వచ్చింది, అక్కడ గవర్నమెంట్ తప్పనిసరి చేసింది, మరణాలు 0.71 నుంచి 0.65 శాతం, అంటే స్టాటిస్టికల్‌గా చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. అదే కాగితం, అవే పాయింట్లు, మరి ఎందుకిలా? ఇక్కడే మెడిసిన్ చదువు ఒక్కటే సరిపోదు. మొదటి స్టడీలో ప్రతి చోటా ఒక టీమ్ దగ్గరుండి నేర్పించింది, ఒంటారియోలో చెక్‌లిస్ట్ వాడుతున్నాం అని హాస్పిటళ్ళు తమంతట తాము రిపోర్ట్ చేసింది 90 శాతం పైనే, కానీ టిక్ పెట్టడం వేరు, అందరూ ఆగి ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడం వేరు కదా. అసలు మొదటి స్టడీలో కంట్రోల్ గ్రూప్, అంటే మార్పు పెట్టకుండా పోలిక కోసం ఉంచే గ్రూప్, లేదు, ముందు-తర్వాత పోలిక మాత్రమే అన్నది కూడా మర్చిపోవద్దు.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉత్తరప్రదేశ్‌లోనే ఉంది. బెటర్‌బర్త్ అని 120 హెల్త్ సెంటర్లలో కాన్పుల చెక్‌లిస్ట్ మీద చాలా పెద్ద ట్రయల్ చేశారు, లక్షన్నరకు పైగా తల్లులు, సెంటర్లని రాండమ్‌గా రెండు భాగాలు చేసి ఒక భాగానికి చెక్‌లిస్ట్‌తో పాటు కోచ్‌లని పంపారు. 2017లో రిజల్ట్ వచ్చింది. రెండు నెలలకి చూస్తే చేయాల్సిన పనుల్లో 73 శాతం చేస్తున్నారు, రెండో వైపు 42 శాతమే, అంటే మనుషుల పద్ధతి మారింది, కానీ తల్లీబిడ్డల మరణాల్లో, పెద్ద కాంప్లికేషన్లలో తేడా రాలేదు. కోచ్‌లు రావడం ఆగిపోయాక ఆ పద్ధతులూ కొంత జారిపోయాయి. నర్సమ్మ ఎంత జాగ్రత్తగా ఉన్నా బ్లడ్ లేకపోతే, సిజేరియన్ చేసే డాక్టర్ దూరంలో ఉంటే చెక్‌లిస్ట్ ఒక్కటీ ఏం చేయగలదు. ఇలాంటి "తేడా రాలేదు" పేపర్లని దయచేసి పక్కన పడేయొద్దు, మీ లిటరేచర్ రివ్యూలో (పాత పేపర్ల సమీక్షలో) అసలు బలం వీటిదే.

కంట్రోల్ గ్రూప్ గురించి ఇంకొంచెం చెప్పాలి, వైవాలో ఎక్కువమంది ఇక్కడే దొరికిపోతారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఐసీయూల్లో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గించడానికి చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందుతో చర్మం క్లీన్ చేయడం, పూర్తిగా కప్పుకుని చేయడం, తొడ దగ్గర వేయకపోవడం, అవసరం తీరిన లైన్ తీసేయడం అనే ఐదు పనులు పెట్టారు, స్టెప్ మిస్సయితే నర్స్ డాక్టర్‌ని ఆపొచ్చు అని అధికారం కూడా ఇచ్చారు, 2006లో వచ్చిన ఆ పేపర్లో మూడు నెలలకే ఇన్ఫెక్షన్ రేటు మీడియన్ (వరసగా పేరిస్తే మధ్యలో వచ్చే విలువ) సున్నాకి పడిపోయింది. ఇంగ్లండ్ వాళ్ళు అదే ప్రోగ్రామ్ తమ దగ్గర చేశారు, అక్కడా ఇన్ఫెక్షన్లు తగ్గాయి, కానీ ప్రోగ్రామ్ ఇంకా మొదలుకాని ఐసీయూల్లో కూడా ఇంచుమించు అలాగే తగ్గుతున్నాయని తేలింది. అంటే కాలంతో పాటు ఎలాగూ తగ్గుతున్నదాన్ని కొంతవరకు ప్రోగ్రామ్ ఖాతాలో వేసుకునే ప్రమాదం ఉందన్నమాట. మీరు ఆగస్టు, సెప్టెంబర్లో డెంగీ సీజన్‌లో ఓపీ వెయిటింగ్ టైమ్ కొలిచి, టోకెన్ సిస్టం పెట్టి, జనవరిలో మళ్ళీ కొలిస్తే కచ్చితంగా తగ్గుతుంది, టోకెన్ వల్ల కాదు, జనం లేక. కాబట్టి రెండు వార్డులు తీసుకుని ఒకదాంట్లోనే మార్పు పెట్టండి, లేదా నాలుగు వార్డుల్లో లాటరీ వేసి నెలకొకటి చొప్పున మొదలుపెట్టండి, అదీ కుదరకపోతే కనీసం ముందు ఆరేడు నెలలు, తర్వాత ఆరేడు నెలలు ప్రతి నెలా పాయింట్ పెట్టి గ్రాఫ్ గీయండి. ముందొకటి తర్వాతొకటి రెండే పాయింట్లతో ఏమీ చెప్పలేం.

ఇక శాంపిల్ సైజ్. గైడ్ గారు 100 కేసులు చాలన్నారు సార్ అంటారు, దేనికి చాలు? చేత్తో లెక్క చూద్దాం. మామూలుగా వాడే 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడాని ఉందనుకునే అవకాశం), 80 శాతం పవర్ (ఉన్న తేడాని పట్టుకునే అవకాశం) తీసుకుంటే కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని చూపించాలంటే ఒక్కో గ్రూపులో 800 మంది కావాలి. మరణాలు 1.5 నుంచి 0.8కి తగ్గాయని చూపించాలంటే ఒక్కో గ్రూపులో 3600 పైనే, 2009 స్టడీ సైజ్ ఇంచుమించు అంత ఉండటం చూశారు కదా. పీజీ థీసిస్‌లో ఇది జరిగే పని కాదు. కానీ కోతకి ముందు గంటలోపు యాంటీబయాటిక్ పడిన వాళ్ళు 50 శాతం నుంచి 70 శాతానికి పెరిగారా అని అడిగితే ఒక్కో గ్రూపుకి 90, 100 మంది సరిపోతారు. అందుకే చిన్న థీసిస్‌లో మరణాల జోలికి పోకుండా జరగాల్సిన పని జరిగిందా లేదా అన్నది కొలవండి, అయితే ఆ పనికీ పేషెంట్ మేలుకీ లింక్ ఉందని పాత పేపర్లతో చూపించాలి. బెటర్‌బర్త్ చెప్పిన పాఠం గుర్తుంది కదా, పని మారినంత మాత్రాన ఫలితం మారుతుందని గ్యారంటీ లేదు, అది మీ లిమిటేషన్స్‌లో నిజాయితీగా రాయండి.

పేపర్లు వెతకడం తేలికే. మెడిసిన్‌కి పబ్‌మెడ్, అన్నిటికీ గూగుల్ స్కాలర్, మన దేశం పీహెచ్‌డీ థీసిస్‌లకి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళ శోధ్‌గంగ. గవర్నమెంట్ కాలేజీ అయితే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 మంది పబ్లిషర్ల దాదాపు 13 వేల జర్నళ్ళు తెరుచుకున్నాయి, మీ లైబ్రేరియన్‌ని లాగిన్ అడగండి, చాలామందికి ఇది ఉన్నట్టే తెలియదు. చదివిన పేపర్లని, రిఫరెన్సుల్ని దాచుకోవడానికి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోండి, ఫ్రీ. ఒక మంచి పేపర్ దొరికాక దాన్ని తర్వాత ఎవరెవరు కోట్ చేశారో స్కాలర్‌లో నొక్కి చూడండి, 2009 పేపర్ నుంచి ఒంటారియోకి వెళ్ళేది ఆ దారిలోనే. చదివేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్, తర్వాత మెథడ్స్, తర్వాత టేబుళ్ళు, చివర్లోనే డిస్కషన్, ఎందుకంటే డిస్కషన్ ముందు చదివితే రాసినాయన మాటలే మన బుర్రలో కూర్చుంటాయి. ఆ పేపర్ వెనక్కి తీసుకున్నారేమో కూడా చూడండి. 2020లో కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు వాడటం మీద 96 వేల మంది పేషెంట్ల డేటా అని లాన్సెట్ జర్నల్లో వచ్చిన పేపర్ రెండు వారాలకే విత్‌డ్రా అయింది, ఆ డేటాని బయటివాళ్ళు చూసి నిర్ధారించే అవకాశమే ఇవ్వలేదు.

ఎంబీఏ వాళ్ళకి ఒక్క మాట, సర్వే అంటే గూగుల్ ఫామ్ చేసి నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌తో వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేయించడం కాదు. మేడమ్ పంపిన ఫామ్‌లో "మీ వార్డులో తప్పు జరిగితే ధైర్యంగా చెప్పగలరా" అని అడిగితే ఏ సిస్టర్ కాదంటుంది, పైగా కాంట్రాక్ట్ ఉద్యోగం, రెన్యువల్ మేడమ్ చేతిలో ఉంటుంది. పేర్లు, ఎంప్లాయీ నంబర్లు, ఈమెయిల్ ఏవీ తీసుకోకండి, కాగితం ఫామ్ ఇచ్చి మూతున్న డబ్బాలో వేయమనండి, ఎంతమందికి ఇచ్చారు ఎంతమంది తిరిగి ఇచ్చారు రెండూ రాయండి. ప్రశ్నలు సొంతంగా తయారు చేయకుండా, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఏహెచ్ఆర్‌క్యూ వాళ్ళ పేషెంట్ సేఫ్టీ కల్చర్ సర్వే లాంటి ఇప్పటికే పరీక్షకి నిలిచినవి తీసుకుని తెలుగులోకి మార్చండి, ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి ఒరిజినల్‌తో పోల్చండి, పదిమందితో నింపించి ఎక్కడ తడబడుతున్నారో చూడండి. క్రాన్‌బ్యాక్ ఆల్ఫా అనే స్టాటిస్టిక్స్ నంబర్ 0.7 దాటిందని రాసేసి వదిలేయొద్దు, అది ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొంతనగా ఉన్నాయని చెప్తుంది తప్ప మీరనుకున్నదే కొలుస్తున్నాయని చెప్పదు. వీలైతే సర్వేతో పాటు కళ్ళతో చూసి కూడా రాసుకోండి. కేస్ షీట్‌లో చెక్‌లిస్ట్ నూటికి నూరు టిక్కులుంటాయి, ఓటీలో ఒక మూల నిలబడి చూస్తే కోతకి ముందు ఆగి పేరు, ఆపరేషన్, ఏ వైపు అని పైకి చదివినవి ఎన్నో అప్పుడు తెలుస్తుంది. మిమ్మల్ని చూసి జాగ్రత్తపడతారు నిజమే, అందుకే మొదటి కొన్ని రోజుల డేటా లెక్కలోకి తీసుకోకుండా వాళ్ళకి అలవాటయ్యేదాకా ఆగండి.

ఇంజనీరింగ్ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది, ముఖ్యంగా కొలిచే పద్ధతినే ముందు అనుమానించడం. ఇద్దరు వేర్వేరుగా అదే పేషెంట్ వెయిటింగ్ టైమ్ రాస్తే ఒకటే వస్తుందా? ఒకరు రిజిస్ట్రేషన్ కౌంటర్ నుంచి లెక్కేస్తారు, ఇంకొకరు చిట్టీ చేతికొచ్చాక. ముందు అది తేల్చుకోండి. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో నిరూపించిన చిన్న సూత్రం ఒకటుంది, లోపల సగటున ఎంతమంది ఉన్నారో అది గంటకి వచ్చేవాళ్ళని ఒక్కొక్కరు లోపల గడిపే సగటు టైమ్‌తో గుణిస్తే వచ్చేదానికి సమానం. ఓపీకి గంటకి 60 మంది వస్తూ హాల్లో సగటున 120 మంది ఉంటే ఒక్కొక్కరికి రెండు గంటలు పడుతున్నట్టు, స్టాప్‌వాచ్ పట్టుకుని మనిషి వెంట తిరగనక్కర్లేదు, అరగంటకోసారి తలలు లెక్కపెడితే చాలు. ఓపీ తెరిచినప్పటి నుంచి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా మొత్తం టైమ్ తీసుకోవాలి, మధ్యలో ముక్క తీసుకుంటే లెక్క తప్పుతుంది.

ఎంటెక్ వాళ్ళు ఎక్స్‌రేల మీద ఏఐ మోడల్ చేస్తుంటే మాత్రం ఆగి ఇది చదవండి. కోవిడ్ టైమ్‌లో ఎక్స్‌రే, సీటీ మోడళ్ళ మీద వచ్చిన పేపర్లని ఒక టీమ్ జల్లెడపట్టి 62 పేపర్లు లోతుగా చూసి 2021లో నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్‌లో రాసింది, క్లినిక్‌లో వాడటానికి పనికొచ్చేది ఒక్కటీ లేదని. కొన్నిట్లో కోవిడ్ ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళు, లేనివాళ్ళ ఫోటోలేమో ఐదేళ్ళలోపు పిల్లల డేటాసెట్‌లోవి, మోడల్ నేర్చుకున్నది జబ్బుని కాదు, పిల్లాడా పెద్దాడా అని. అదే పేషెంట్ ఫోటోలు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ రాకుండా పేషెంట్ ఐడీ ప్రకారం విడగొట్టండి, వేరే హాస్పిటల్ డేటా మీద పరీక్షించండి, నంబర్ పడిపోతే పడిపోయిందనే రాయండి. డేటాసెట్ డౌన్‌లోడ్ చేశాక ఆ ఫోటోలు ఎవరివి, ఏ ఊళ్ళోవి, ఏ వయసు వాళ్ళవి అని ఒక రేడియాలజిస్ట్‌తో కూర్చుని ఒక్కసారైనా చూడండి.

పర్మిషన్ల విషయంలో టైమ్ లైన్ తప్పితే థీసిస్ మొత్తం పోతుంది. ఎథిక్స్ కమిటీ లెటర్ చేతికి రాకుండా ఒక్క కేస్ కూడా తీసుకోకూడదు, "మాది క్వశ్చనేర్ మాత్రమే" అన్నా, "పాత కేస్ షీట్లే" అన్నా కమిటీకి చూపించాల్సిందే, మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళు చెప్పాలి, మీరు కాదు. ఎంబీఏ, ఎంటెక్ వాళ్ళు తమ కాలేజీలో కమిటీ లేదని వదిలేస్తుంటారు, హాస్పిటల్ కమిటీకి వెళ్ళండి, అక్కడి డాక్టర్ ఒకరిని కో-గైడ్‌గా పెట్టుకుంటే పని సులువు. పేషెంట్‌కి ఇచ్చే ట్రీట్‌మెంట్‌లో గానీ పద్ధతిలో గానీ మార్పు చేస్తుంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ చేయాలి, ఫ్రీనే, కానీ 2018 ఏప్రిల్ నుంచి మొదటి పేషెంట్‌ని తీసుకోకముందే చేస్తేనే ఒప్పుకుంటున్నారు, తర్వాత బతిమాలినా కుదరదు. కన్సెంట్ ఫామ్ తెలుగులో పెట్టామని చెప్పుకోవడానికి ట్రాన్స్‌లేటర్‌లో వేసి ప్రింట్ తీస్తారు, దాన్ని వార్డులో ఒక పేషెంట్ అటెండెంట్‌కి చదివి వినిపించి "మీకేం అర్థమైంది చెప్పండమ్మా" అని అడగండి, ఆమె తన మాటల్లో చెప్పగలిగేదాకా తిరగరాయండి. వద్దంటే ట్రీట్‌మెంట్‌లో ఏ తేడా ఉండదు అన్న వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలి, గవర్నమెంట్ హాస్పిటల్‌కొచ్చే మనిషికి సంతకం పెట్టకపోతే డాక్టర్ చూడరేమో అన్న భయం ఉంటుంది.

డేటా ఎక్సెల్‌లో ఒక పేషెంట్‌కి ఒక వరస, ఒక విషయానికి ఒక కాలమ్, రంగులు వేయడాలు, సెల్స్ కలపడాలు వద్దు, పేర్లూ ఫోన్ నంబర్లూ వేరే ఫైల్‌లో తాళం వేసి పెట్టండి. స్టాటిస్టిక్స్ మనిషి దగ్గరికి డేటా అంతా అయ్యాక కాదు, సినాప్సిస్ అప్పుడే వెళ్ళండి. ఏది మెయిన్ అవుట్‌కమ్ అన్నది ముందే రాసి పెట్టుకోండి, ఇరవై పోలికలు చేసి పీ వాల్యూ (నిజంగా తేడా లేకున్నా ఇంత తేడా ఊరికే కనపడే అవకాశం) 0.05 లోపు వచ్చిన ఒక్కదాన్ని హెడ్డింగ్ చేయడం పేషెంట్‌కి అన్యాయం, ఇరవైలో ఒకటి ఊరికే కూడా అలా వస్తుంది.

చివరికి పబ్లిషింగ్. మెయిల్‌కి "గ్రీటింగ్స్ ఎమినెంట్ ప్రొఫెసర్" అని వచ్చి వారంలో అచ్చేస్తాం అంటే డిలీట్ చేయండి. హైదరాబాద్ నుంచే నడిచిన ఓమిక్స్ అనే జర్నళ్ళ కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది, సరైన రివ్యూ లేకుండానే రివ్యూ చేశామని చెప్పుకోవడం, ఫీజు ముందు చెప్పకపోవడం లాంటి కారణాలతో. యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ళ జాబితా అయిన యూజీసీ కేర్ లిస్ట్ 2025లో తీసేశారు కాబట్టి ఇప్పుడు లిస్ట్ చూసి వేయడం కూడా లేదు, జర్నల్లో వచ్చిన నాలుగు పేపర్లు మీరే చదివి ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒకరికి మెయిల్ పెట్టి నిజంగా ఉన్నారా అని కనుక్కోండి. తేడా రాలేదని తేలిన స్టడీ అయినా పంపండి, ప్రీప్రింట్ సర్వర్‌లో (జర్నల్ రివ్యూకి ముందే పేపర్ అందరికీ కనపడేలా పెట్టే సైట్) పెట్టడానికి ముందు గైడ్, ఎథిక్స్ కమిటీ ఇద్దరికీ చెప్పండి, రచయితల లిస్ట్‌లో ఎవరు ఏ వరసలో ఉంటారన్నది డేటా తీయకముందే కాగితం మీద రాసి అందరితో సంతకం పెట్టించుకోండి.